ఎలర్జీ ఉన్న ఇంట్లో వంట: ఏది మానాలి, దాని బదులు ఏం తినాలి

ఒంటి మీద దద్దుర్లు లేచాయంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మొదట వచ్చే ప్రశ్న "ఏం తిన్నావు?" అన్నదే. ఆ వెంటనే పథ్యం మొదలవుతుంది. వంకాయ ఆపేయ్, గోంగూర ఆపేయ్, ఎండుచేప ముట్టకు, రొయ్యల జోలికి పోకు, గుడ్డు వేడి చేస్తుంది, వేరుశనగ పైత్యం. ఇంట్లో పెద్దవాళ్లు ఒకటి చెబితే పక్కింటివాళ్లు ఇంకొకటి, మందుల షాపులో మరొకటి చెబుతారు. వారం తిరిగేసరికి ఆ మనిషి కంచంలో అన్నం, చారు, మజ్జిగ మిగులుతాయి. దద్దుర్లు తగ్గితే పథ్యం పనిచేసిందంటారు. తగ్గకపోతే ఇంకో రెండు మానమంటారు. పెద్దవాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు గానీ, ఎదిగే పిల్లలకీ బాలింతలకీ ఇలాంటి పథ్యం నెలల తరబడి సాగితే దాని నష్టం ఎలర్జీ నష్టం కన్నా ఎక్కువే అవుతుంది.

ఇంకోవైపు, నిజంగా ఎలర్జీ ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త చాలడం లేదు. "కొంచెం తింటే ఏం కాదులే" అని పెళ్లి భోజనంలో బలవంతంగా వడ్డించేవాళ్లున్నారు. ఈ కొంచెమే కొందరికి ప్రాణం మీదకు తెస్తుంది. అంటే ఇక్కడ రెండు తప్పులూ ఒకేసారి జరుగుతున్నాయి. ఎలర్జీ లేనివాళ్లు అనవసరంగా సగం తిండి మానేస్తున్నారు, ఉన్నవాళ్లకు మానాల్సినది పూర్తిగా మానే వీలు దొరకడం లేదు. సరైన దారి ఈ రెంటికీ మధ్యలో ఉంది. పడని పదార్థం ఏదో కచ్చితంగా తేల్చుకోవాలి, దాన్ని మాత్రమే గట్టిగా మానాలి, దాని వల్ల ఒంటికి తగ్గే పోషకాలను వేరే తిండితో పూడ్చుకోవాలి. మూడో పని గురించే ఎవరూ పట్టించుకోరు. డాక్టర్ చీటీలో కూడా "పాలు ఆపండి" అని ఉంటుంది తప్ప పాల బదులు ఏం పెట్టాలో చాలాసార్లు ఉండదు.

ఎలర్జీ అంటే ఏమిటి, ఏది కాదు

ఆహార ఎలర్జీ శరీర రక్షణ వ్యవస్థ చేసే పొరపాటు. పాలలోనో రొయ్యలోనో ఉన్న ఒక ప్రొటీన్‌ను హానికరమైనదిగా ఎంచి, శరీరం దానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారు చేసుకుంటుంది. మళ్లీ ఆ పదార్థం లోపలికి వెళ్లినప్పుడు హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. పెదాలు వాచడం, దద్దుర్లు, వాంతులు, ఆయాసం, గొంతు పట్టేసినట్టు కావడం వీటివల్లే. సాధారణంగా తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపే ఇవి కనిపిస్తాయి. నిన్న మధ్యాహ్నం తిన్న వంకాయకు ఈరోజు రాత్రి దురద పుడితే, ఆ వంకాయను అనుమానించడానికి ఆధారం తక్కువ. ఆరు వారాలు దాటి వస్తూ పోతూ ఉండే దద్దుర్లకు ఆహారం కారణం కావడం అరుదు.

మన వైపు ఎలర్జీ అనుకునేవాటిలో చాలా వరకు ఎలర్జీ కావు. కందనే చూడండి. కందలో, చేమలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. అవి నాలుకకూ గొంతుకూ గుచ్చుకుని దురద పుట్టిస్తాయి. అందుకే కంద బచ్చలి కూరలో చింతపండు పులుసు పోసి బాగా ఉడికిస్తారు. సరిగా ఉడకని కంద తింటే ఇంటిల్లిపాదికీ గొంతు దురదే. వంకాయలో సహజంగానే కొంత హిస్టమిన్ ఉంటుంది. అది కొందరికి నోరు చిమచిమలాడేలా చేస్తుంది. వంకాయకు నిజమైన ఎలర్జీ లేదని కాదు, ఉంది. కానీ "వంకాయ పడదు" అనేవాళ్లందరికీ అది లేదు.

పాల సంగతీ అంతే. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు అయ్యేవాళ్లలో పెద్దలే ఎక్కువ. వారి పేగుల్లో లాక్టోజ్ అనే పాల చక్కెరను అరిగించే ఎంజైము తగ్గిపోయి ఉంటుంది. ఇది ఎలర్జీ కాదు. ఇలాంటివాళ్లు పెరుగు, మజ్జిగ చాలా వరకు హాయిగా తినగలరు, ఎందుకంటే తోడుకునేటప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత భాగాన్ని ముందే విరగ్గొట్టేస్తాయి. వీళ్లు పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేసి కాల్షియం పోగొట్టుకోవడం చాలా బాధాకరం. పాల ప్రొటీన్‌కు ఎలర్జీ ఉన్న పిల్లాడి సంగతి పూర్తిగా వేరు. వాడికి మజ్జిగ చుక్క కూడా ప్రమాదమే.

తీరప్రాంతంలో ఉన్నవాళ్లు ముఖ్యంగా తెలుసుకోవలసింది చేపల గురించి. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. కవళ్లు, కానాగంతలు, తూర చేప లాంటివి వలలో పడ్డాక ఐసు లేకుండా గంటల తరబడి ఎండలో ఉంటే, వాటి కండలోని హిస్టిడిన్‌ను సూక్ష్మజీవులు హిస్టమిన్‌గా మార్చేస్తాయి. ఆ చేప తిన్న గంట లోపే ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోయేంత నొప్పి, దురద, గుండె దడ, విరేచనాలు. చూడటానికి అచ్చం ఎలర్జీలాగే ఉంటుంది, కానీ ఇది పాడైన చేప విషం. వేయించినా, పులుసు పెట్టినా, ఎండబెట్టినా ఆ హిస్టమిన్ పోదు. గుర్తుపట్టడానికి రెండు ఆధారాలున్నాయి. ఒకటి, అదే కూర తిన్న మరో ఇద్దరు ముగ్గురికి కూడా ఏదో ఒక తేడా చేస్తుంది. రెండు, తాజా చేప తిన్నప్పుడు ఆ మనిషికి ఏమీ కాదు. ఈ తేడా తెలియక ఒక్కసారి ఒళ్లు ఎర్రబడిందని జీవితాంతం చేపలు మానేసినవాళ్లు తీరంలో తక్కువ కాదు. చవకగా దొరికే మంచి ప్రొటీన్‌ను, ఒమేగా-3 కొవ్వులను వాళ్లు అనవసరంగా వదులుకుంటున్నారు.

పలాస జీడిపిక్కల పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ల చేతులు పొక్కడం, చర్మం ఊడటం కూడా తిండి ఎలర్జీ కాదు. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. మామిడికాయ సొన తగిలి పెదవి పక్కన పుండ్లు పడటం కూడా ఇదే కోవలోది. జీడిమామిడి, మామిడి, పిస్తా ఒకే కుటుంబం చెట్లు. చేతులు పొక్కిన మనిషి జీడిపప్పు తింటే ఎలర్జీ వస్తుందన్న నియమం లేదు. సొన పడనివాళ్లు కూడా తొక్క శుభ్రంగా తీసేసిన పండు చాలాసార్లు తినగలుగుతారు.

వంద పేర్ల రిపోర్టు

ఇప్పుడు పట్టణాల్లో ఒక ఫ్యాషన్ వచ్చింది. రక్తం ఇస్తే వంద, రెండు వందల ఆహార పదార్థాల పేర్లతో పెద్ద రిపోర్టు వస్తుంది. అందులో ఎర్ర రంగులో ఉన్నవన్నీ మానమంటారు. కొన్ని ప్యాకేజీలు చూసేది ఐజీజీ అనే ప్రతిరక్షకాలను. ఒక పదార్థాన్ని తరచూ తిన్న మనిషిలో ఐజీజీ ఉండటం మామూలే. ఎలర్జీ నిర్ధారణకు ఈ ఐజీజీ పరీక్ష పనికిరాదని యూరప్, అమెరికాల ఎలర్జీ వైద్యుల సంఘాలు ఎప్పుడో స్పష్టంగా చెప్పాయి. రోజూ పప్పన్నం తినే మనిషికి కందిపప్పు ఎర్ర రంగులో వస్తుంది. అతను పప్పు మానేస్తాడు. వేలు ఖర్చుపెట్టి కొనుక్కున్నది పోషకాహార లోపమే.

ఐజీఈ పరీక్ష సరైనదే, కానీ దాన్ని కూడా ఒంటరిగా నమ్మకూడదు. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దలను పరీక్షించారు. ఏదో ఒక ఆహారానికి రక్తంలో ఐజీఈ ఉన్నవాళ్లు 26.5 శాతం. తిన్నప్పుడు నిజంగా లక్షణాలు వచ్చి, ఎలర్జీ ఉందని లెక్కకు వచ్చినవాళ్లు 1.2 శాతమే. రిపోర్టులో పాజిటివ్ చూసి తిండి మానేసి ఉంటే ఎంతమంది అనవసరంగా మానేసేవారో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. మొత్తం ఐజీఈ ఎంత ఉందో చెప్పే పరీక్ష ఇంకా తక్కువ ఉపయోగం. కడుపులో నులిపురుగులున్నా ఆ సంఖ్య పెరుగుతుంది.

అందువల్ల డాక్టర్‌కు అన్నిటికన్నా పనికొచ్చేది రోగి చెప్పే వివరమే. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతసేపటికి మొదలైంది, అంతకుముందు అదే పదార్థం తిన్నప్పుడు ఏమైంది, పక్కన తిన్నవాళ్లకు ఏమైంది, ఆరోజు నొప్పి మాత్ర వేసుకున్నారా, తిన్న వెంటనే పొలం పనికో ఆటకో వెళ్లారా. చివరి రెండు ప్రశ్నలు వింతగా అనిపించవచ్చు. కొందరికి మామూలుగా తింటే ఏమీ కాదు, తిని వెంటనే ఒళ్లు అలిసేలా పనిచేసినా, నొప్పి మాత్ర వేసుకున్నా, మద్యం తాగినా ఎలర్జీ విరుచుకుపడుతుంది. కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో నొప్పి మాత్రలకు దూరంగా ఉండటానికి ఇప్పటికే పెద్ద కారణం ఉంది, ఇది దానికి తోడు. ఓ చిన్న నోటుబుక్కులో రెండు మూడు వారాల పాటు తిన్నవి, వచ్చిన లక్షణాలు టైముతో సహా రాసుకుని వెళ్తే, చర్మం మీద కొద్దిగా గుచ్చి చూసే ప్రిక్ టెస్టుకు ఏయే పదార్థాలు ఎంచుకోవాలో డాక్టర్‌కు తెలుస్తుంది. చివరి తీర్పు మాత్రం ఆసుపత్రిలో, అత్యవసర మందులు పక్కన ఉంచుకుని, కొద్ది కొద్దిగా తినిపించి చూసే పరీక్షదే. ఇంట్లో ఈ ప్రయోగం చేయకూడదు.

ఒక్క ఆవకాయ జాడీలో

ఎలర్జీ తేలాక అసలు కష్టం మొదలవుతుంది, ఎందుకంటే మన వంటలో పదార్థాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అన్నం పక్కన వేసుకునే చెంచాడు ఆవకాయ తీసుకోండి. అందులో ఆవపిండి ఉంది. పప్పు నూనె ఉంది, అంటే నువ్వుల నూనె. కొందరి ఇళ్లలో మెంతులు, మరికొందరి ఇళ్లలో శనగలు కూడా పడతాయి. ఆవాలు, నువ్వులు రెండూ యూరప్ దేశాల ఎలర్జీ జాబితాలో ఉన్నవే. మెంతులు వేరుశనగకు దగ్గరి బంధువులు. వేరుశనగ ఎలర్జీ ఉన్న కొందరికి మెంతి కూడా పడలేదని వైద్యులు గమనించారు. ఇక పనసపొట్టు కూర, ఆవ పెట్టిన పులిహోర, అరటికాయ ఆవ కూర ఇవన్నీ ఉత్తరాంధ్ర వంటిళ్ల ప్రాణం. ఆవాల ఎలర్జీ ఉన్నవాళ్లకు తాలింపు గింజలు ఏరి పక్కన పెడితే సరిపోదు. నూనెలో వేగిన ఆవాల ప్రొటీన్ కూరంతా కలిసిపోయి ఉంటుంది. తాలింపు జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో పెట్టుకోవడమే మార్గం. రుచి మారుతుంది, నిజమే. ఊరగాయ విడిగా ఓ చిన్న జాడీలో నిమ్మకాయతోనో ఉసిరికాయతోనో ఆవ లేకుండా పెట్టుకోవచ్చు.

గానుగ నూనెల విషయంలో ఒక మాట. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు. గానుగలో ఆడించిన నూనెలో మిగులుతుంది. అందరికీ మంచిదని చెప్పే గానుగ నూనె వేరుశనగ ఎలర్జీ ఉన్నవాళ్లకు మంచిది కాదు. నువ్వుల నూనె మామూలుగా శుద్ధి చేయకుండానే వాడతారు కాబట్టి నువ్వులు పడనివాళ్లు దాన్ని పూర్తిగా వదిలేయాలి. ఇంగువలో గోధుమపిండో మైదానో కలిపిన రకాలు చాలా ఉన్నాయి, గోధుమ పడనివాళ్లు డబ్బా చదివి కొనాలి. రవ్వల పేర్లతో కూడా తికమక పడతారు. ఇడ్లీ రవ్వ బియ్యానిది, ఉప్మా రవ్వ గోధుమది.

జీడిపప్పు మీద ఇంకా శ్రద్ధ కావాలి. పలాస పక్కనే ఉండటం వల్ల కావచ్చు, ఇక్కడి శుభకార్యాల్లో జీడిపప్పు లేని వంటకం ఉండదు. కనిపించే జీడిపప్పును తీసేయొచ్చు. హోటల్ గ్రేవీలో చిక్కదనం కోసం వేసే జీడిపప్పు పేస్టు కనిపించదు. పనీరు కూరైనా, చికెన్ కూరైనా అడిగి తీరాలి. జీడిపప్పు పడనివాళ్లకు పిస్తా కూడా చాలాసార్లు పడదు. బాదం విషయం పరీక్ష చేయించి తేల్చుకోవచ్చు. కొబ్బరి మాత్రం వేరే కుటుంబం, చాలామందికి ఇబ్బంది ఉండదు. జీడిపప్పు పడలేదని ఉద్దానం కొబ్బరిని కూడా వదులుకోవక్కర్లేదు.

ప్యాకెట్ సరుకుల విషయంలో చట్టం కొంత సాయం చేస్తోంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ) 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం గ్లూటెన్ (గోధుమ లాంటివాటిలో ఉండే ప్రొటీన్) ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, చెట్ల గింజలు, సోయా, కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన సల్ఫైట్ (నిల్వ కోసం కలిపే రసాయనం) ఉంటే లేబుల్ మీద విడిగా చెప్పాలి. ఈ జాబితాలో ఆవాలు లేవు, నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వులను తప్పనిసరి జాబితాలో చేర్చారు. నువ్వులు, ఆవాలు ఇంతగా వాడే మన దేశంలో అవి చేరకపోవడం పెద్ద లోటు. ప్రస్తుతానికి ఎలర్జీ గడిలో లేకపోయినా, పదార్థాల జాబితా మొత్తం చదవడం తప్పదు. విడిగా తూచి ఇచ్చే మిఠాయిలకు, బజ్జీల బండికి, మూరీ మిక్చర్‌కు లేబులే ఉండదు. గుడ్డు బజ్జీ వేసిన మూకుడులోనే మిరపకాయ బజ్జీ వేగుతుంది, వేరుశనగ గుళ్లు పోసిన గిన్నెలోనే తర్వాతి మిక్చర్ కలుపుతారు.

మానిన చోట ఏం పెట్టాలి

పాలతో మొదలుపెడదాం, ఎందుకంటే చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, పోషకాల లోటు ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే. ఆవు పాలు పడని పిల్లాడికి మేక పాలో గేదె పాలో పట్టమని ఊళ్లలో సలహా ఇస్తారు. ఇది ప్రమాదం. ఈ మూడింటి ప్రొటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఆవు పాల ఎలర్జీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మేక పాలూ పడవు. కాచినంత మాత్రాన పాల ప్రొటీన్లన్నీ మారిపోవు. ఏడాది లోపు పిల్లలకు తల్లిపాలు ఆపకూడదు, తల్లిపాలు లేని పరిస్థితిలో ఏ పాలపొడి వాడాలో డాక్టరే చెప్పాలి.

ఏడాది దాటిన పిల్లలకు మాత్రం మన ప్రాంతం అదృష్టం చేసుకుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లెక్క ప్రకారం 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు రోజుకు 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 ఉంటుంది. వంద గ్రాముల చోళ్లలో (రాగుల్లో) 340 పైనే ఉంటుంది. అంటే 40 గ్రాముల చోడిపిండితో కాచిన జావలో 140 దాకా వస్తుంది. పొట్టుతో ఉన్న నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి పైనే ఉంటుంది. కాబట్టి రెండు చిన్న చెంచాల నువ్వుల పొడి అన్నంలో కలిపితే ఇంకో వంద. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో ఇది బాగా తగ్గిపోతుంది. గుప్పెడు మునగాకు పప్పులో వేస్తే 75 వరకు వస్తుంది. చేప తినే ఇల్లయితే ముల్లుతో సహా నమిలి తినే నెత్తళ్లు ఉండనే ఉన్నాయి. వీటితో రోజు లెక్క సగానికి పైగా నిండుతుంది. చోళ్లలో ఫైటేట్లు ఉండటం వల్ల కాల్షియం పూర్తిగా ఒంటికి పట్టదు. చోళ్లను నానబెట్టి మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తే, లేదా పిండిని రాత్రి పులియబెట్టి అంబలి కాస్తే ఆ అడ్డు తగ్గుతుంది. మన ముసలమ్మలు కాచే పులిసిన అంబలి పద్ధతి పోషకాహార శాస్త్రం ప్రకారం కూడా సరైనదే. పాలతో పాటు చేప, గుడ్డు, మాంసం కూడా తినని పిల్లలకు విటమిన్ బి12 ఏ ఆకుకూర నుంచీ రాదు, దానికి డాక్టర్ ఇచ్చే మందు వాడాల్సిందే.

గుడ్డు పడకపోతే ప్రొటీన్ లోటు తీర్చడం సులువు. ఒక గుడ్డులో ఉండే ఆరు ఆరున్నర గ్రాముల ప్రొటీన్ 30 గ్రాముల కందిపప్పులోనో ఉలవల్లోనో వస్తుంది. పప్పుధాన్యాల ప్రొటీన్‌లో ఉన్న లోటును అన్నం ప్రొటీన్ పూడుస్తుంది, అందుకే పప్పు విడిగా తాగించడం కన్నా పప్పన్నంగా పెట్టడం మంచిది. ఉలవచారు రుచిగా ఉంటుంది గానీ, ప్రొటీన్ కావాలంటే ఉడికిన ఉలవలు కూడా తినాలి, నీళ్లలోకి దిగేది కొంతే.

వేరుశనగ పడనివాళ్లు "అదీ పప్పుజాతే కదా" అని కంది, పెసర, మినప అన్నీ ఆపేయడం చూస్తుంటాం. వాళ్లలో ఎక్కువమందికి మిగతా పప్పులు పడతాయి. శనగపప్పుకో మినప్పప్పుకో విడిగా ఎలర్జీ ఉన్నవాళ్లు మన దేశంలో ఉన్నారు కాబట్టి, అనుమానం ఉన్న పప్పును పరీక్ష చేయించి తేల్చుకోవాలి. ఊహించి మానేస్తే శాకాహారి కంచంలో ప్రొటీన్ ఏమీ మిగలదు.

రొయ్యలు, పీతలు ఒక జాతి. ఒకటి పడకపోతే రెండోదీ పడదనే అనుకోవాలి. చేప వేరు. రొయ్య పడని మనిషి చేప తినగలడు, చేప పడని మనిషి రొయ్య తినగలడు, పరీక్షలో తేలితే. సంతలో రెండూ ఒకే తట్టలో, ఒకే కత్తి కింద ఉంటాయి కాబట్టి కొనేచోటు చూసుకోవాలి. రొయ్యలోని ఎలర్జీ ప్రొటీన్ ఎంత ఉడికించినా చావదు, ఎండబెట్టినా చావదు. ఆనపకాయ కూరలోనో బీరకాయ కూరలోనో రుచి కోసం చల్లే ఎండురొయ్యల పొడి వడ్డించినప్పుడు కనబడదు. మరీ సున్నితమైనవాళ్లకు కూర ఉడికేటప్పుడు వచ్చే ఆవిరితోనే ఆయాసం రావచ్చు.

గోధుమ పడకపోతే ఈ జిల్లాల్లో బెంగ అక్కర్లేదు. వరి అన్నం, చోళ్లు, గంటెలు (సజ్జలు), జొన్నలు, సీతంపేట కొండల నుంచి దిగే సామలు, కొర్రలు ఉన్నాయి. బేకరీ తిండి మాత్రం మానాలి.

బడిలో, ఊరి పంక్తిలో

ప్రభుత్వ బడుల్లో డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనంలో గుడ్డు, వేరుశనగ చిక్కీ పెడతారు. చాలామంది పిల్లలకు వారంలో అందే మంచి పోషకాహారం అదే, దాన్ని తగ్గించమని ఎవరూ అనకూడదు. ఎలర్జీ ఉన్న పిల్లాడి పేరు, పడని పదార్థం, కనిపించే లక్షణాలు, ఫోన్ నంబరు ఒక కాగితం మీద తెలుగులో రాసి హెడ్మాస్టర్‌కూ, వంట చేసేవారికీ ఇవ్వాలి. డాక్టర్ చీటీ జిరాక్సు జతచేస్తే ఇంకా మంచిది. చిక్కీ బదులు ఇంటి నుంచి బెల్లం, కొబ్బరి ఉండ పెట్టి పంపొచ్చు. పక్కపిల్లాడు పంచుకోమని ఇస్తే తీసుకోకూడదని పిల్లాడికి నేర్పాలి, వాడిని వేరే పంక్తిలో కూర్చోబెట్టి చిన్నబుచ్చకూడదు. అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. ఇవి పడని పసివాళ్ల తల్లులు ముందే కార్యకర్తకు చెప్పి, వేరే సరుకు ఏమివ్వగలరో అడగాలి.

పెళ్లిళ్లలో, పండగల్లో అడగడానికి మొహమాటపడతారు. అడగాల్సింది వడ్డించేవాళ్లను కాదు, వంట మేస్త్రిని. "ఇందులో జీడిపప్పు పడిందా?" అని అడిగితే చాలు, ఆయనకు ఏ బాండీలో ఏం వేశారో గుర్తుంటుంది. ప్రసాదం వద్దనడం అపచారం అనుకునేవాళ్లకు కూడా నిజం చెప్పి కళ్లకద్దుకుంటే సరిపోతుంది.

ప్రమాదం ముంచుకొస్తే

దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బిగుసుకోవడం, గొంతు మారిపోవడం, ఆగకుండా వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం వీటిలో ఏది కనిపించినా అది అనాఫిలాక్సిస్, అంటే ఒళ్లంతా ఒక్కసారిగా కమ్మేసే ప్రాణాంతకమైన ఎలర్జీ దాడి కావచ్చు. దానికి మందు ఎడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు కండరంలోకి వెంటనే ఇవ్వాలి. సెట్రిజిన్ మాత్ర దురద తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. మాత్ర వేసి చూద్దాం అని అరగంట ఆగడం వల్లే ప్రాణాలు పోతాయి. 108కి ఫోన్ చేసి, దగ్గర్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. ఎడ్రినలిన్ ఖరీదైన మందు కాదు, అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి, ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వాలి. లేపి నడిపించకూడదు. తేరుకున్నాక కూడా కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి, ఒక్కోసారి అదే దాడి మళ్లీ వస్తుంది. ఒకసారి ఇలా జరిగినవాళ్లు, ముఖ్యంగా ఆస్తమా ఉన్నవాళ్లు, ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోవాలా అన్నది డాక్టర్‌తో మాట్లాడి, ఇంట్లో ఒకరైనా ఇవ్వడం నేర్చుకోవాలి.

పసిపిల్లలకు ముందే పెట్టాలా

ఎలర్జీ వస్తుందేమోనన్న భయంతో పిల్లలకు రెండేళ్లు దాటేదాకా గుడ్డు, వేరుశనగ పెట్టని ఇళ్లున్నాయి. ఈ భయం ఫలితాన్ని తలకిందులు చేస్తుందని 2015లో బ్రిటన్‌లో వెలువడిన లీప్ అధ్యయనం చూపించింది. తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎండి దురద పెట్టే జబ్బు) గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లల్లో కొందరికి ఏడాది లోపే వేరుశనగ తినిపించడం మొదలుపెట్టారు, మిగతావారికి ఆపారు. ఐదేళ్ల వయసుకు చూస్తే, తిన్నవాళ్లలో వేరుశనగ ఎలర్జీ 80 శాతానికి పైగా తక్కువ. అంచేత ఆరు నెలలు నిండి అన్నం మొదలుపెట్టాక, మెత్తగా నూరిన వేరుశనగ, బాగా ఉడికిన గుడ్డు ఒక్కొక్కటిగా కొంచెం కొంచెం అలవాటు చేయాలి. గుళ్లు గుళ్లుగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. ఒంటి నిండా ఎగ్జిమా ఉన్న పిల్లలకు డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి. బాలింతల చేత పథ్యం పేరుతో గుడ్డు, చేప, పప్పులు మాన్పిస్తే బిడ్డకు ఎలర్జీ రాకుండా ఆగుతుందనడానికి ఆధారం లేదు. ఆ తల్లి నీరసించిపోవడం మాత్రం ఖాయం.

ఎలర్జీ ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుందని కూడా అనుకోకూడదు. పాలు, గుడ్డు ఎలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి పెరిగేకొద్దీ అది పోతుంది. గుడ్డు పడని పిల్లలు చాలామంది, పిండిలో కలిపి బాగా కాల్చిన గుడ్డును ముందుగా తట్టుకోగలుగుతారు. వేరుశనగ ఎలర్జీ ఐదుగురిలో ఒకరికి తగ్గుతుంది. చేప, రొయ్య, జీడిపప్పు ఎలర్జీలు మాత్రం ఎక్కువగా ఉండిపోతాయి. అందుకని చిన్నపిల్లలను ఏడాదికోసారైనా మళ్లీ చూపించాలి, వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, తిండి రాసుకున్న నోటుబుక్కు పట్టుకెళ్లాలి. చాలాకాలం మానేసిన పదార్థాన్ని ఇంట్లో తినిపించి చూడటం మొదటిసారి కన్నా ప్రమాదకరం కావచ్చు, ఆ పని ఆసుపత్రిలోనే జరగాలి. అక్కడ పిల్లాడు తిని నిలదొక్కుకుంటే, ఆ పదార్థాన్ని మళ్లీ మూల పెట్టేయకుండా వారంలో కొన్నిసార్లు తప్పకుండా పెడుతూ ఉండాలి.